నా గొంతుతో ఎవరో వేసిన చాటింపు

నేను మైకు మనిషిని. నందిగామలో గానీ జగ్గయ్యపేటలో గానీ ఆటో పైన రెండు బాకాలు కట్టుకుని మెల్లగా పోతూ "తెలియజేయడమేమనగా" అని ఎవరైనా అంటుంటే, పాతికేళ్ళుగా అది నేనే. బట్టల కొట్టు తెరిచినా, చర్చిలో ఉజ్జీవ సభలు పెట్టినా, రెండు రోజులు మంచినీళ్ళు రావని చెప్పాల్సి వచ్చినా, ఎవరి గేదె తప్పిపోయినా నన్నే పిలుస్తారు. మనిషి పోయినా నన్నే పిలుస్తారు. నా మొహం ఎరగనివాళ్ళు కూడా నేను హోటల్లో టీ అడగ్గానే తలెత్తి చూస్తారు. అలా చూసినప్పుడల్లా లోపల్లోపల పొంగిపోయేవాణ్ణి. దాచుకోవడం దేనికి, నా గొంతంటే నాకు చెప్పలేనంత గర్వం.

ఈ పని మా నాన్న నుంచి వచ్చింది. ఆయన డప్పు కొట్టి చాటింపు వేసేవాడు. మాది చందర్లపాడు వైపు, కృష్ణ ఒడ్డుకు దగ్గరలో ఒక నల్లరేగడి ఊరు. ఊరికి తూర్పున మా పల్లె. పల్లెలో అందరం చర్చికి వెళ్ళేవాళ్ళమే, ఊళ్ళో రైతుల పొలాల్లో పనికి వెళ్ళేవాళ్ళమే. నాన్నకు చదువు లేదు గానీ ఒక పట్టుదల ఉండేది. ఎవరైనా పోయారని కబురొస్తే, కబురు తెచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా సరే, ముందు ఆ ఇంటికి వెళ్ళి శవాన్ని కళ్ళతో చూసి వచ్చి, అప్పుడు డప్పు తీసేవాడు. రాజీ కుదిరిందని చాటమంటే రాజీ పడిన ఇద్దరి నోటా విన్నాకే చాటేవాడు. నాకూ అదే అలవాటైంది.

ఒకసారి వీరులపాడు దగ్గర ఒక ముసలాయన పోయాడని ఆయన కొడుకులే ఫోన్ చేశారు. ఆటో కట్టుకుని వెళ్ళి, ముందు ఆయన్ని చూస్తానన్నాను. కొడుకులకు కోపం వచ్చింది. అయినా లోపలికి వెళ్ళి చూద్దును కదా, ముసలాయన గుండె మీద దుప్పటి లేస్తోంది, పడుతోంది. ఆ తర్వాత ఆయన రెండేళ్ళు బతికాడు. సంతలో కనపడినప్పుడల్లా "ఒరే, ఈసారి నిజంగా పోయాక నీకు నేనే ఫోన్ చేస్తాలే" అని ఎగతాళి చేసేవాడు. ఆ కథ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. అప్పటినుంచి నేను చాటానంటే చూసొచ్చే చాటానని జనానికి ఒక నమ్మకం కుదిరింది. నన్ను విన్నాక ఇంకొకళ్ళని అడిగేవాళ్ళు కాదు.

మరి ఎన్నికల్లో నువ్వు చెప్పేవన్నీ చూసొచ్చే చెప్తావా అని మీరు అడగొచ్చు. అడగండి, మా ఆవిడ రోజూ అడుగుతుంది. పొద్దున ఒక పార్టీ ఆటోలో, సాయంత్రం ఇంకో పార్టీ ఆటోలో తిరిగినవాణ్ణే నేను. కానీ నాకు రెండు గొంతులున్నాయి, జనానికి ఆ తేడా తెలుసు. ప్రచారం గొంతు పైస్థాయిలో ఉంటుంది, ఊగుతూ ఉంటుంది, దాన్ని పిల్లలు కూడా నమ్మరు. చాటింపు గొంతు కిందికి దిగుతుంది. "తెలియజేయడమేమనగా" అన్నాక ఒక్క క్షణం ఆగి, అప్పుడు మనిషి పేరు చెబుతాను. ఆ ఆగిన క్షణంలో వీధిలో చీపుళ్ళు కూడా ఆగుతాయి. ఇంకో సంగతి, మా ఊరి ఎన్నికలకు మాత్రం నేను ఎవరి ప్రచారమూ ఒప్పుకోను. సొంత ఊళ్ళో నా గొంతు ఒక్కటే, అది చాటింపు గొంతు.

రెండేళ్ళ క్రితం నందిగామలో విత్తనాల కొట్టు మేడ మీద ఒక కుర్రాయన డిజిటల్ ప్రచారం ఆఫీసు పెట్టాడు. ఏసీ, రెండు కంప్యూటర్లు, గోడకు నల్లటి స్పాంజి అంటించిన ఒక చిన్న గది. నన్ను పిలిపించి, కుర్చీ వేసి, కూల్‌డ్రింక్ తెప్పించాడు.

"బాబాయ్, మీ గొంతు ఈ ఏరియాకి బ్రాండు. మీకు జలుబు చేస్తే నాలుగు రోజులు ఊళ్ళన్నీ మూగబోతాయి. ఒక్కసారి మీ గొంతు మెషిన్‌కి నేర్పిద్దాం. ఆ తర్వాత నేను టైపు చేస్తే మీరు మాట్లాడినట్టే మాట్లాడుద్ది. మీరు ముసలాయనైపోయినా మీ గొంతుకి మాత్రం వయసు రాదు" అన్నాడు.

ఆ చివరి మాట నన్ను పడగొట్టింది. అప్పటికే ఎండాకాలంలో నా గొంతు బొంగురుపోతోంది. రెండు మధ్యాహ్నాలు ఆ స్పాంజి గదిలో కూర్చుని, ఆయన ఇచ్చిన కాగితాలు చదివాను. వాటితో సరిపెట్టుకోలేదు నేను. నా తెలివంతా చూపించాలిగా! కంచికచర్ల నుంచి బోర్డరు దాకా ఊళ్ళ పేర్లన్నీ చెప్పాను. వారాలు, అంకెలు, పంచాయతీ ఎన్నికల్లో వచ్చే గుర్తులన్నీ చెప్పాను. పెళ్ళి గొంతు, సభ గొంతు, ప్రచారం గొంతు వినిపించాను. చివర్లో "అసలైంది విను అబ్బాయ్" అని చాటింపు గొంతు దించాను. చదవమని ఎవరూ అడగని వాక్యాలు కూడా చదివాను. "పెద్దల సమక్షంలో రాజీ కుదిరినందున" అనేది వాటిలో ఒకటి. మా నాన్న ఎక్కువగా చాటింది అదే.

తర్వాత కొన్నాళ్ళకు జగ్గయ్యపేటలో బస్టాండు దగ్గర నిలబడి టీ తాగుతున్నాను. నా ఆటో చెట్టు కింద ఉంది, బాకాలు నోరు మూసుకుని ఉన్నాయి. ఇంతలో రోడ్డు చివర నుంచి నేను వస్తున్నాను. అవును, నేనే. నగల కొట్టు గురించి చెబుతూ, దసరా ఆఫరు గురించి చెబుతూ, తాపీగా వస్తున్నాను. ఇంకెవరిదో ఆటో నా ముందు నుంచి పోయింది. అందులో డ్రైవరు తప్ప మనిషి లేడు. టీ పోసే ఆయన ఆటో వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ ఆటో వంక చూశాడు.

"ఏందండీ ఇది, మీరిక్కడుండి అక్కడ మాట్లాడతన్నారు?" అన్నాడు.

నా ఒళ్ళు జలదరించింది.  మరుక్షణమే నవ్వేశాను. ఊరికే నవ్వలేదు, "అదంతా టెక్నాలజీ లేవయ్యా" అని గొప్పగా కూడా చెప్పాను. ఆ జలదరింపు దగ్గరే నేను ఆగి ఆలోచించాల్సింది. పొగడ్తకు అలవాటుపడ్డవాడికి భయం వేసినా అది కూడా పొగడ్తలాగే ఉంటుంది కాబోలు.

ఇక అసలు సంగతి. మా ఊరి సర్పంచి జబ్బు చేసి పోవడంతో ఉపఎన్నిక వచ్చింది. సీటు ఎస్సీ మహిళకు రిజర్వు. ఇద్దరు నిలబడ్డారు, ఇద్దరూ మా పల్లెవాళ్ళే. ఒకామెది ఉంగరం గుర్తు. ఆమె వెనక ఊళ్ళో పెద్ద రైతులున్నారు. ఆమె సంతకం పెడుతుంది, వాళ్ళు పరిపాలిస్తారు, ఇది ఎవరికీ రహస్యం కాదు. రెండో ఆమెది కత్తెర గుర్తు. ఆమె మా ఊరి అంగన్‌వాడీలో టీచరుగా చేసి దిగిపోయిన మనిషి. నాకు వరసకు అక్క. ఊళ్ళో సగంమందికి మొదటి అక్షరం దిద్దించింది ఆమే. ఎవరినీ అడక్కుండా, ఎవరి అండా లేకుండా నామినేషన్ వేసింది.

ఆమె అడిగింది ఒకే ఒక్కటి. పల్లె నుంచి సమాధుల దొడ్డికి దారి. వానాకాలంలో మనిషి పోతే మిరప చేల గట్ల మీద, మోకాటి లోతు రేగడిలో శవపెట్టెను మోసుకుపోవాలి. జారి పెట్టెతో సహా పడ్డవాళ్ళున్నారు. నేను ప్రతి చావుకూ వెళ్ళేవాణ్ణి గనక ఆ దారి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పైకి ఎవరి పక్షమూ అనలేదు గానీ నా ఓటు కత్తెరకే. మా ఆవిడ ఓటూ దానికే అని ఇంట్లో ముందే అనుకున్నాం.

అక్క భర్త, మేం బావ అని పిలిచే ఆయన, ముఠా మేస్త్రి. మిరప కోతకు కూలీలను కూడేసి రైతుల చేలకు తీసుకెళతాడు. ఆ రైతుల్లో ఎక్కువమంది ఉంగరం వైపే. దాంతో బావ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో చెప్పక్కర్లేదు. అయినా ఆయన పెళ్ళానికి పోలింగు ఏజెంటుగా కూర్చుంటానని పేరు ఇచ్చాడు. పోలింగు పొద్దున ఆరున్నరకే, నేను ఊరు దాటే వేళకు, తెల్ల చొక్కా వేసుకుని ఓట్లు వేసే బడి వైపు నడిచి వెళుతూ కనిపించాడు. నాకు జగ్గయ్యపేటలో ఒక పెద్దాయన చావు చాటింపు ఉంది. చూసి, చాటి, పదకొండుకల్లా వచ్చి ఓటు వేస్తానని మా ఆవిడకు చెప్పాను.

మైకు పట్టుకున్నప్పుడు నాకు ఫోన్ వినపడదు. జేబులో అది కొట్టుకుంటున్నా బాకాల హోరులో తెలియదు. తొమ్మిదిన్నరకు ఆటో ఆపి ఫోన్ తీశాను. మిస్డ్ కాల్స్ వరసగా ఉన్నాయి, అందులో నాలుగు మా ఆవిడవి. వాట్సాప్‌లో మా ఊరి గ్రూపు తెరిస్తే పైన ఒక ఆడియో ఉంది. ఎవరో చావు కబురు పెట్టారేమో అనుకుని నొక్కాను.

"తెలియజేయడమేమనగా..." ఒక్క క్షణం ఆగింది. "మన గ్రామ సర్పంచి ఎన్నికల్లో కత్తెర గుర్తుపై పోటీ చేస్తున్న అభ్యర్థి, పెద్దల సమక్షంలో రాజీ కుదిరినందున పోటీ నుంచి తప్పుకుని ఉంగరం గుర్తుకు మద్దతు తెలియజేసియున్నారు. కావున ఓటర్లు గమనించి, తమ ఓటు వృథా చేసుకోవద్దని మనవి."

అది నేను. నా ఊపిరి, నా ఆగడం, చివర్లో "మనవి" అన్నప్పుడు నేను గొంతు సవరించుకోవడం కూడా ఉంది. ఒక పిచ్చి క్షణంలో, ఇది నేను ఎప్పుడు చెప్పాను అని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. నన్ను నేనే నమ్మాను. తేరుకునేసరికి జగ్గయ్యపేట రోడ్డు మీద చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాను.

అక్కకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. మా ఆవిడకు చేస్తే లైను కలవలేదు, గ్రూపులో కాదని చెబుదామన్నా అదే గొంతు. బావ ఏజెంటు గనక ఫోన్ బయట పెట్టేసి లోపల కూర్చుని ఉంటాడు. ఆటోను అక్కడే వదిలేసి, తెలిసినాయన బండి అడుక్కుని బయల్దేరాను. హైవే మీద లారీల మధ్య ఎలా నడిపానో తెలియదు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు పెద్దలు. నిజానికి నిలకడ ఉండొచ్చు, పంచాయతీ పోలింగుకు మాత్రం ఒంటిగంట దాకే టైము.

పదకొండు దాటాక పల్లెలో దిగి, మైకు లేకుండా, ఉత్త గొంతుతో వీధి మధ్యన నిలబడి అరిచాను. "అది నేను కాదు! అక్క తప్పుకోలేదు! కత్తెర గుర్తు పోటీలోనే ఉంది!" పిల్లలు పరిగెత్తుకొచ్చారు. పెద్దవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నా వంక వింతగా చూశారు. అరుగు మీద కూర్చున్న ఒక చిన్నాన్న ఫోన్ చేత్తో పైకెత్తి చూపించాడు.

"పొద్దున అట్టా చెప్పావు, ఇప్పుడు ఇట్టా చెప్తన్నావు. మధ్యలో ఎవరు కలిశార్రా నిన్ను?"

"చిన్నాన్నా, ఏసు ప్రభువు సాక్షిగా పొద్దున నేను చెప్పలా. అది మెషిన్ చెప్పింది."

"మెషిన్‌కి నీ గొంతెట్టా వచ్చుద్దిరా? తాగొచ్చావా?"

"అయినా ఫోన్‌లో చాటింపు వేస్తానా నేను? ఎప్పుడైనా వేశానా?" అని అరిచాను.

దానికి పక్కింటి ఆవిడ చాలా మామూలుగా జవాబు చెప్పింది. "పోలింగు రోజు మైకు పెట్టకూడదు కదా అన్నా. అందుకని ఫోన్‌లో వేశావనుకున్నాం."

 ఎంత చక్కగా అతికింది! నిబంధన ప్రకారం మైకు లేదు, ఫోన్ ఉంది. రాజీ మాట చాటేవాడు ఒకడే ఉన్నాడు, వాడు చూడందే చాటడు. అబద్ధాన్ని అల్లినవాడు కష్టపడాల్సిన పనే లేకుండా, మిగతాదంతా మా ఊరివాళ్ళే పూర్తి చేసుకున్నారు. పైగా ఇంకో మాట అన్నారు. "ఆమె తప్పుకోకపోతే మరి ఆమేదిరా? పొద్దుట్నుంచి బడి దగ్గర కనపళ్ళా. ఇంటికి తాళం." నిజమే, అక్క ఇంటికి తాళం వేసి ఉంది. చర్చిలో చూశాను, చెల్లెలి ఇంట్లో అడిగాను, ఎక్కడా లేదు. ఇంతలో కానిస్టేబులు వచ్చి, పోలింగు రోజు గుర్తు పేరు ఎత్తి అరిస్తే కేసు పెట్టాల్సి వస్తుందని, మర్యాదగా ఇంటికి పొమ్మని చెప్పాడు.

ఇంటికి వెళితే మా ఆవిడ అన్నం వండి, వేలి మీద సిరా చుక్కతో ఎదురొచ్చింది.

"ఓటేశావా?" అన్నాను.

"వేశా. ఉంగరానికి."

 "ఉంగరానికా? నువ్వా?"

"నువ్వే కదయ్యా చెప్పింది? ఎందుకైనా మంచిదని నాలుగుసార్లు ఫోన్ చేశా, నువ్వెత్తలా. మళ్ళీ ఇంకోసారి విన్నా. నీ గొంతు నాకు తెలీదా ఏంది? పెళ్ళైనప్పట్నుంచీ వింటన్నా."

"నేను పొద్దున నీ పక్కన కూర్చునే కదా టీ తాగింది. తప్పుకుంటే నీకు చెప్పకుండా పోతానా?"

"పోతావు. చాటకముందు నాకెప్పుడైనా చెప్పావా? చావు కబురు కూడా నీ మైకులోనే కదా నేను వినేది" అంది.

 అది నిజం. తర్వాత ఆమె ఇంకో సంగతి చెప్పింది. ఆడియో ముందు ఆమెకు ఎవరో తెలియని నంబరు నుంచి వచ్చిందట. ఆమే దాన్ని డ్వాక్రా ఆడవాళ్ళ గ్రూపులో పెట్టింది. కింద తన గొంతుతో "మా ఆయనే చెప్తున్నాడమ్మా, వినండి" అని ఒక ముక్క చెప్పి పంపింది. అక్కడినుంచే అది ఊరంతా పాకింది. దొంగ వస్తువుకు నా ఇంటి ఆడది తెలియక ముద్ర వేసి పంపింది. ఆమె మీద అరుద్దామని నోరు తెరిచాను. ఆమె అప్పటికే విషయం అర్థమై, కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని ఏడుస్తోంది. అరవలేకపోయాను.

నేను బడికి వెళ్ళి కత్తెరకు ఓటు వేసి వచ్చాను; బల్ల దగ్గర బావ ఉన్నా, కానిస్టేబులు చూస్తుండగా పలకరించే వీలు లేకపోయింది. మధ్యాహ్నం అక్కడే లెక్కపెట్టారు. తొమ్మిది ఓట్లతో ఉంగరం గెలిచింది. బయట టపాకాయలు కాలుస్తుంటే బావ ఒక్కడే బడి మెట్లు దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు నందిగామ మేడ మీదికి వెళ్ళాను. కొట్టాలనే వెళ్ళాను. ఆ కుర్రాయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. తనకేమీ తెలియదని, తాను చేయలేదని, కావాలంటే కంప్యూటరు చూసుకోమని గడగడా చెప్పాడు. ఆ గొంతు ఫైలును ఇద్దరు ముగ్గురు యాడ్‌వాళ్ళకు ఇచ్చాడట. వాళ్ళు ఎవరికిచ్చారో తెలియదట.

"నాకొక్క మాట చెప్పకుండా ఎట్టా ఇచ్చావురా? అది నా గొంతు!"

"బాబాయ్, కోప్పడొద్దు. నేనివ్వకపోయినా ఏం ఆగేది కాదు. ఇప్పుడు అర నిమిషం ఆడియో ఉంటే చాలు, ఎవరి గొంతైనా వచ్చేస్తుంది. మీరు రోజూ రోడ్డు మీద మాట్లాడుతూనే ఉన్నారుగా. సెల్‌ఫోన్ ఉన్న ప్రతివాడి దగ్గరా మీ గొంతు ఉంది."

ఎత్తిన చెయ్యి అలాగే దింపాను. నేను ఏసీ గదిలో కూర్చుని, నా తెలివి చూపించుకుంటూ అన్ని గొంతులూ పోసి ఇచ్చినందుకే ఇదంతా జరిగిందని రాత్రంతా నన్ను నేను తిట్టుకున్నాను. ఈయన చెప్పేదాని ప్రకారం నా తప్పు కూడా అక్కర్లేదు. పాతికేళ్ళు ఎండలో అరిచి సంపాదించుకున్నది అర నిమిషంలో ఎవడైనా తీసుకుపోవచ్చు. అంతకంటే భయమేసే మాట నేను నా జన్మలో వినలేదు. పోలీసు స్టేషన్లో కాగితం రాసి ఇచ్చాను. తీసుకున్నారు. ఆడియో విని, నా మాట విని, రెండూ ఒకటే కదా అని ఒకాయన నిజాయితీగానే ఆశ్చర్యపోయాడు.

మూడో రోజు పొద్దున్నే ధైర్యం చేసి అక్క ఇంటికి వెళ్ళాను. పంచలో బావ మంచం మీద కూర్చుని కోత సంచులు కుడుతున్నాడు. తల ఊపాడు గానీ మాట్లాడలేదు. అక్క లోపల నుంచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, గడప మీద కూర్చుంది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. స్పాంజి గది గురించి, అడగని వాక్యాలు చదివిన నా పొగరు గురించి, మా ఆవిడ పంపిన ముక్క గురించి ఏదీ దాచలేదు. కాళ్ళు పట్టుకోబోతే వద్దంది.

"నీ తప్పేముందిలే తమ్ముడూ. సాయంత్రానికే తెలిసింది నాకు, అది నువ్వు కాదని."

"సాయంత్రానికా? అదేందక్కా, వినగానే తెలిసుంటుందిగా నీకు? ఊరంతా నమ్మినా, నువ్వు తప్పుకోలేదని నీకు తెలుసుగా" అన్నాను.

అక్క తన చేతుల వంక చూసుకుంది.

"నేను తప్పుకోలేదని నాకు తెలుసు. నన్ను తప్పించలేదని నాకేం తెలుసు?"

బావ చేతిలో దబ్బనం ఆగింది.

"ముందురోజు సాయంత్రం మీ బావ ఉంగరం వైపు రైతుగారింటికి పిలిస్తే పోయొచ్చాడు. కోతకి ఎంతమంది కావాలో మాట్లాడటానికన్నాడు. ఇంకేం చెప్పలా. పొద్దున నేను స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, ఓటు చీటీ తీసుకుని బయల్దేరబోతున్నా. ఫోన్‌కి ఆడియో వచ్చింది. నీ గొంతు. పెద్దల సమక్షంలో రాజీ కుదిరిందన్నావు. నువ్వు చూడందే చెప్పవు గదా. ఇంకేముంది, మగాళ్ళంతా కూర్చుని నన్ను అమ్మేశారు, ఆఖరికి నాకే తెలియనీయలా అనుకున్నా. ఏజెంటుగా కూర్చోటం కూడా నాటకమే అనుకున్నా. ఫోన్ ఆపేసి, చీర మార్చుకుని, తాళమేసి చేలోకి పోయా. సాయంత్రం దాకా రాలా." ఆమె చూపుడు వేలు ఎత్తి చూపించింది. సిరా లేదు. "నా ఓటు నేనే వేసుకోలా తమ్ముడూ."

నా చేతిలో నీళ్ళ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇంతటిది నేను ఊహించలేదు. ఊరు నమ్మిందని బాధపడ్డాను, పెళ్ళాం నమ్మిందని కుంగిపోయాను. పోటీలో ఉన్న మనిషే తను పోటీలో లేనని నా గొంతు విని నమ్ముతుందని నా ఊహకు కూడా రాలేదు. ఆమె అబద్ధాన్ని నమ్మలేదు, అసలు సంగతి అదీ. మా ఊళ్ళో ఆడవాళ్ళకు జరిగేదాన్ని నమ్మింది.

బావ సంచి పక్కన పెట్టాడు. ఈ మూడు రోజుల్లో ఆమె ఈ సంగతి ఆయనకు చెప్పలేదని అప్పుడు నాకు అర్థమైంది. నా ముందే మొదటిసారి వింటున్నాడు.

"ఆరున్నర నుంచి ఒంటిగంట దాకా ఆ బల్ల మీద నుంచి లేవలేదే నేను" అన్నాడు మెల్లగా. "ఒంటికి కూడా పోలా. లేస్తే ఆ కాసేపట్లో ఏం చేస్తారోనని. తలుపు వంకే చూస్తా కూర్చున్నా, నువ్వొచ్చి ఓటేస్తావని. రైతుగారు నన్ను పిలిపించింది అందుకే. ఏజెంటుగా కూర్చోవద్దన్నాడు. కూర్చుంటే ఈ ఏడు కోత లేదన్నాడు. కూర్చుంటానని చెప్పి వచ్చా."

"నాకెందుకు చెప్పలా?" అంది అక్క. 

"నువ్వు భయపడతావని. నువ్వెందుకు అడగలా నన్ను? బడి దాకా వచ్చి కిటికీలోంచి ఒక్క మాట అడగొచ్చుగా."

"అడగాలని తోచలా" అంది. "ఆ గొంతు విన్నాక ఇంక అడగాలని తోచలా."

బావ లేచాడు. తలగుడ్డ దులిపి భుజాన వేసుకుని, మా ఇద్దరి వంకా చూడకుండా పంచ దిగి నడిచాడు. చెప్పులు అక్కడే ఉన్నాయి. అక్క ఆయన్ని పిలవబోయి ఆగి, నా భుజం మీద చెయ్యి వేసి నెట్టింది, నువ్వు పిలువు అన్నట్టు.

"బావా!" అని పిలిచాను.

వీధి చివరిదాకా వినపడే గొంతు నాది. అరుగుల మీద జనమంతా నా వంక తిరిగి చూశారు. ఆయన మాత్రం ఆగలేదు.